తాతయ్య చేలో దిగిన జాకు: రంగు చుక్క వాడకుండా చేసిన ఒక గన్‌ప్లా

జాకు-2 అనే ప్లాస్టిక్ రోబో బొమ్మ నా చేతికి వచ్చేసరికి దాని ఎడమ మోచెయ్యి ఊడి ఉంది, ఒంటికన్ను స్టిక్కర్ వంకరగా అతికి ఉంది, ఒళ్ళంతా గేట్ మచ్చలు, అంటే ముక్కని ఫ్రేమ్ నుంచి విడదీసిన చోట మిగిలే గుర్తులు. ముక్కల్ని అవి అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి నిప్పర్ (చిన్న కత్తెర పట్టకారు)తో కోయకుండా చేత్తో మెలితిప్పి పీకినట్టు తెలిసిపోతోంది. కట్టినవాడికి పదకొండేళ్ళు. వాళ్ళ నాన్న, నేను ఒకే ఆఫీసు. టోక్యో తూర్పున నిషికసాయ్‌లో మన దేశపు కుటుంబాలు చాలా ఉన్నాయి. మా రెండు ఇళ్ళూ ఎదురెదురు బిల్డింగుల్లో.

"మావయ్యా, దీన్ని యుద్ధం చేసొచ్చినట్టు చేసివ్వు" అన్నాడు వాడు.

వాళ్ళమ్మ పక్కనే ఉంది. "అన్నయ్యగారూ, స్ప్రేలు, పెయింట్ వాసనలు మాత్రం వద్దండి. చిన్నదానికి ఆయాసం." వాడు ఇంకో మాట కలిపాడు: బొమ్మని అద్దాల బీరువాలో పెట్టడట, రోజూ ఆడుకుంటాడట.

ఈ రెండు షరతుల్లో మొదటిది నాకు కొత్త కాదు. మాది ఒకే గది, కిటికీ తెరిస్తే పక్కవాళ్ళ బాల్కనీ. నేను చేసినవి దాదాపు అన్నీ రంగు లేకుండానే. రెండోది మాత్రం నన్ను చాలా ఆలోచనలో పడేసింది. వెదరింగ్ అంటే బొమ్మని వాడి అరిగి, మురికి పట్టినట్టు చేయడం. రంగు లేకుండా అయితే అది ఎక్కువగా పొడితో చేసే పని. చివర్లో మ్యాట్ టాప్‌కోట్ (మెరుపు లేని పైపూత) స్ప్రే చేస్తేనే పొడి నిలుస్తుంది. స్ప్రే వద్దు, పిల్లాడి చేతులు రోజూ తగులుతాయి అంటే, నాకు అలవాటైన పద్ధతి ఇక్కడ పనికి రాదు. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

గన్‌ప్లా తెలియనివాళ్ళకి ముందు రెండు మాటలు. 1979లో జపాన్ టీవీలో మొదలైన గండమ్ సీరియల్‌లోని యంత్రాలకి బండాయ్ కంపెనీ 1980 జూలైలో ప్లాస్టిక్ కిట్లు తేవడం మొదలుపెట్టింది. మొదటిది 1/144 స్కేల్, అంటే అసలు యంత్రంలో 144వ వంతు గండమ్, ధర 300 యెన్‌లు. అది తెల్ల ప్లాస్టిక్‌లో వచ్చేది. జిగురుతో అతికించి, రంగులు మనమే వేసుకోవాలి. ఇప్పటి కిట్లలో ఏ ముక్క ఏ రంగులో ఉండాలో ఆ రంగు ప్లాస్టిక్‌తోనే పోత పోసి ఇస్తారు, జిగురు లేకుండా నొక్కితే బిగుసుకుంటుంది. రంగు లేకుండా పని చెయ్యగలగడం ఆ పోత చలవే. కానీ రంగు వేసేవాడికి ఉన్న ఒక వెసులుబాటు మనకు ఉండదు. గీత పడినా, పుట్టీ పెట్టినా అతను పైన రంగుతో కప్పేస్తాడు. మన దగ్గర కప్పేది ఏదీ లేదు. ప్లాస్టిక్ మీద ఏం చేస్తే అదే చివరిదాకా కనిపిస్తుంది.

జాకు-2 కూడా ఆ సీరియల్‌లోని యంత్రమే. ఎత్తు కథలోని లెక్క ప్రకారం 17.5 మీటర్లు, 1/144లో పన్నెండు సెంటీమీటర్ల పైచిలుకు. తల, కాళ్ళు లేత పచ్చ, ఛాతీ, పాదాలు ముదురు పచ్చ. కుడి భుజం మీద డాలు, ఎడమ భుజం మీద మూడు ముళ్ళు. గండమ్‌తో పోలిస్తే గుండ్రటి ఒళ్ళు, ప్యానెల్ లైన్లు (కవచం పలకల మధ్య సన్న గాళ్ళు) తక్కువ. ఆ తక్కువదనం ఈ కేసులో నాకు మేలు చేసింది.

పని మొదలుపెట్టే ముందు వాణ్ణి అడిగాను: "ఇది యుద్ధం ఎక్కడ చేసింది నాన్నా?"

ఈ ప్రశ్న అడగకుండా నేను ఏ మోడల్ మీదా మురికి వెయ్యను. ఎడారిలో తిరిగిన యంత్రానికి దుమ్ము పైనుంచి పడుతుంది, భుజాల మీద, తల మీద పేరుకుంటుంది. అడవిలో తిరిగినదానికి మోకాళ్ళ దగ్గర గీతలు పడతాయి. ఊరికే ఒళ్ళంతా గోధుమరంగు పొడి పూస్తే అది ఎక్కడికీ వెళ్ళిన యంత్రంలా ఉండదు, అటక మీద మర్చిపోయిన బొమ్మలా ఉంటుంది.

వాడు కాస్త ఆలోచించి, "తాతయ్య వాళ్ళ చేలో దిగింది" అన్నాడు.

వాళ్ళ తాతగారిది కోనసీమ. క్రితం ఏడాది సెలవులకు వెళ్ళినప్పుడు దమ్ము ట్రాక్టర్ చూశాడట. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. దమ్ము చేలోంచి గట్టెక్కిన ట్రాక్టర్ మా చిన్నప్పుడు రోజూ చూసిందే. ఇనుప చక్రాలకి నల్లటి తడి బురద, మడ్‌గార్డ్ లోపలివైపు ఎండి బూడిద రంగుకు తిరిగిన బురద, వెనకవైపు చిమ్మిన చుక్కలు, డ్రైవర్ కాలు పెట్టి ఎక్కే చోట రంగు పోయి మెరిసే ఇనుము. ఈ పనికి అంతకంటే మంచి రిఫరెన్స్ ఫొటో ఏముంటుంది?

ఆ రోజే ఇంకో పని చేశాను. ఈ కేసులో నేను కొత్తగా చేసింది ఇదొక్కటే, చివరికి బాగా ఉపయోగపడిందీ ఇదే. తెల్ల పాస్టెల్ ముక్కను పొడి చేసి వాడి వేళ్ళకి రాసి, "పది నిమిషాలు ఆడుకో" అని జాకుని ఇచ్చాను. తర్వాత దీపం కింద పెట్టి చూస్తే తెల్లటి మరకలు నాలుగు చోట్ల గుంపులుగా ఉన్నాయి: ఛాతీకి రెండు పక్కలా, నడుం చుట్టూ, తొడల వెనక, డాలు అంచు మీద. పాదాల మీద, చీలమండల దగ్గర, వీపు మీది బ్యాక్‌ప్యాక్ గొట్టాల్లో, స్కర్ట్ (నడుం కింద వేలాడే కవచం) లోపలివైపు ఒక్క వేలిముద్ర కూడా లేదు. ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఆ ఫొటో మీదే ప్లాన్ గీసుకున్నాను. వేళ్ళు పడే చోట పొడి పెట్టకూడదు, అక్కడ ప్లాస్టిక్‌లోకే దిగే గుర్తులు ఉండాలి, అంటే గాటు, గీత. వేళ్ళు పడని చోట పొడి. అదృష్టం కొద్దీ బురద పట్టే చోటూ వేళ్ళు పడని చోటూ ఒకటే అయ్యాయి.

తర్వాత విప్పడం. బిగించిన ముక్కల మధ్యకి పల్చటి పార్ట్స్ ఓపెనర్ దూర్చి కొంచెం కొంచెంగా తిప్పాలి. మోచేతి జాయింట్ వదులు సంగతి తర్వాత చూశాను, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

గేట్ మచ్చల మీద ఒక పూట పూర్తిగా పోయింది. మెలితిప్పి పీకినప్పుడు ప్లాస్టిక్ తెల్లబడుతుంది. లోపల కంటికి కనిపించని సన్న పగుళ్ళు పడి వెలుతురు అక్కడ చెదిరిపోవడం వల్ల అలా కనిపిస్తుంది. చిన్న మచ్చలైతే బొటనవేలి గోటితో గట్టిగా రుద్దితే చాలావరకు సర్దుకుంటాయి. మిగిలినవాటికి 400, 600, 800, 1000 నంబర్ల సాండ్‌పేపర్ వరసగా వాడాను. డాలు పైఅంచున మాత్రం ప్లాస్టిక్ ఒక మిల్లీమీటరు లోతున చిరిగి ఊడి వచ్చేసింది. అదే రంగు ఫ్రేమ్ ముక్కల్ని ప్లాస్టిక్ జిగురులో కరిగించి నింపొచ్చు, రంగు కలిసిపోతుంది. కానీ జిగురు వాసన కూడా వాసనే. డాలుకి దెబ్బ తగలడం సహజం కాబట్టి ఆ గుంటని కత్తి మొనతో కాస్త సరిచేసి గుండు తగిలిన దెబ్బగా ఉంచేశాను. ఇలాంటి గుంటే ఛాతీ మధ్యలో ఉండి ఉంటే ఈ ఉపాయం పనికొచ్చేది కాదు. అక్కడ అంత దెబ్బ తగిలిన యంత్రం వెనక్కి రాదు.

ఇక ప్యానెల్ లైన్లు. ఇక్కడ నా అంచనా తప్పింది.

రంగు లేని మోడల్ బొమ్మలా కనిపించడానికి పెద్ద కారణం ప్లాస్టిక్ మెరుపు. ఆ మెరుపు తియ్యడానికి టాప్‌కోట్ బదులు ఇక్కడ చాలామంది మెలమైన్ స్పాంజి వాడతారు. గోడ మీద పెన్సిల్ గీతలు తుడిచే తెల్ల స్పాంజి, వంద యెన్‌ల దుకాణంలో దొరుకుతుంది. చాలా సన్నని సాండ్‌పేపర్‌లా పనిచేసి ప్లాస్టిక్‌ని మ్యాట్ చేస్తుంది. నా లెక్క ప్రకారం ముందు మ్యాట్ చేసి, తర్వాత గీతలు గీయాలి. డాలు లోపలివైపు, ఎవరికీ కనిపించని చోట పరీక్ష పెట్టాను. 0.3 మిల్లీమీటర్ల పెన్సిల్, గోధుమరంగు సన్నమొన మార్కర్, బూడిదరంగు మార్కర్, మూడింటితో మూడు గీతలు. తుడిస్తే మార్కర్ సిరా పోలేదు. మ్యాట్ చేసిన ప్లాస్టిక్ మీద కంటికి కనిపించని గీతలుంటాయి, సిరా వాటిలోకి దిగి గాడి పక్కన చారల్లా ఉండిపోయింది. పెన్సిల్ గీత కాస్త నయం, కానీ బొమ్మని తిప్పినప్పుడల్లా సీసం తళుక్కుమంటోంది, గాడి నీడలా కనిపించదు.

అప్పుడు వరస తిరగేశాను. ఇంకా మెరుస్తున్న ప్లాస్టిక్ మీదే ముందు గీత గీసి, సిరా ఆరాక, తడిపి పిండిన మెలమైన్ స్పాంజితో రుద్దాను. పైకి పొంగిన సిరా అంతా స్పాంజి ఎత్తుకుపోయింది, గాడిలోది మిగిలింది, పక్కన ప్లాస్టిక్ మ్యాట్ అయింది. రెండు పనులు ఒకేసారి అయ్యాయి. డాలు లోపలివైపు మూడు చారలు మాత్రం అలాగే ఉన్నాయి.

దీనికి ముందు గాళ్ళ లోతు చూసుకోవాలి. గాడి లోతు లేకుండా ఉంటే స్పాంజి లోపలి సిరాని కూడా లాగేస్తుంది. మోకాలి పక్క గీత, నడుం మీది ఒక గీత అలాంటివే. కుట్టు సూదిని పిన్ వైస్ అనే చిన్న చేతిపిడిలో బిగించి, ఏమాత్రం నొక్కకుండా నాలుగైదుసార్లు గాడి వెంబడి లాగితే సరిపోయింది. నొక్కితే సూది దారి తప్పుతుంది, తప్పిందంటే ఆ గీత ఇక ఉండిపోయినట్టే.

సిరా తనంతట తనే పారే రకం మార్కర్లు, ఎనామెల్ వాష్‌లు (బాగా పల్చన చేసిన ఎనామెల్ రంగు) ఉంటాయి. గాడిలో ఒక చుక్క ముట్టిస్తే సన్నని సందులో నీరు పాకినట్టు అదే పాకిపోతుంది. పని చాలా తేలిక. కానీ వాటిలోని ద్రావకం, బిగించి ఒత్తిడిలో ఉన్న ముక్కల మధ్యకి, ముఖ్యంగా ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్ జాయింట్లలోకి దిగితే ప్లాస్టిక్ పగులుతుంది. రెండేళ్ళ క్రితం నా సొంత మోడల్‌ని విప్పకుండా తుంటి దగ్గర ఎనామెల్ వాష్ పోశాను. మర్నాడు కాలు ఎత్తితే తుంటి రెండు ముక్కలైంది. తప్పు నాదే, విప్పాల్సింది. ఏ ఫ్రేమ్ ఏ ప్లాస్టిక్కో దాని మీదున్న చిన్న ట్యాగ్ మీద పీఎస్, ఏబీఎస్, పీఈ అని అచ్చువేసి ఉంటుంది. ఆ ఫ్రేములు పారేసేముందు చదివి పెట్టుకోండి.

అన్ని గాళ్ళలోనూ గీత గీయలేదు. ఈ స్కేల్‌లో 0.3 మిల్లీమీటర్ల గీత అంటే అసలు యంత్రం మీద నాలుగు సెంటీమీటర్లకు పైగా వెడల్పు సందు. తలుపులు, కవచం అతుకులు వంటి నిజంగా తెరుచుకునే చోట్ల గోధుమరంగు గీశాను. మిగతావి వదిలేశాను, లేదా బూడిదరంగుతో సగం తుడిచేశాను. పచ్చ మీద నలుపు వాడలేదు. నలుపు పెడితే కామిక్ బొమ్మలా కనిపిస్తుంది, ఆ తీరు నచ్చేవాళ్ళూ ఉన్నారు, కానీ చేలో దిగిన యంత్రానికి అది నప్పదు.

స్పాంజిని ఎప్పుడూ పైనుంచి కిందకే రుద్దాను. ఆ సన్న గీతలన్నీ ఒకే దిక్కున ఉంటే వానకి కారిన చారల్లా అనిపిస్తుంది. గుండ్రంగా రుద్దితే గిన్నె తోమినట్టు ఉంటుంది. అంచుల మీద మాత్రం రెండుసార్లకి మించి పోకూడదు, పదును పోతుంది. తర్వాత గిన్నెల సబ్బు నీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి రాత్రంతా ఆరబెట్టాను. జిడ్డు వేలిముద్ర ఒకటి మిగిలినా దాని మీద పొడి ఎక్కువగా అంటుకుని ముద్రలాగే బయటపడుతుంది.

దెబ్బలకి వాడింది 4బీ పెన్సిల్, సన్న కత్తి, అంతే. డాలు అంచు, ముళ్ళ మొనలు, పాదాల ముందు అంచు, జాకు చేతి గొడ్డలి పదును: ఈ చోట్ల ముందు కత్తితో చిన్న గాట్లు పెట్టి, వాటిలో పెన్సిల్ సీసం రుద్ది, వేలితో తుడిచాను. పచ్చ రంగు ఊడి లోపలి లోహం బయటపడినట్టు వస్తుంది. గీతల దగ్గర తప్పనిపించిన ఆ సీసం తళుకు ఇక్కడ సరిగ్గా కావాల్సిందే. గాటు సైజు దగ్గర స్కేల్ మర్చిపోవడం చాలా తేలిక. బొమ్మ మీద 2 మిల్లీమీటర్ల మచ్చ అంటే అసలు యంత్రం మీద జానెడు దాటి, దాదాపు 29 సెంటీమీటర్ల మేర రంగు ఊడినట్టు. అలాంటివి డాలు మీద రెండు పెట్టాను. మిగతావన్నీ సూదిమొనంత.

ఇక బురద. వాడికి మోకాళ్ళ దాకా కావాలి. కూర్చోబెట్టి లెక్క చేయించాను. ఈ స్కేల్‌లో మనిషి ఎత్తు పన్నెండు మిల్లీమీటర్లు. తాతయ్య చేలో దమ్ము బురద అరమీటరు లోతు అనుకుంటే బొమ్మ మీద మూడున్నర మిల్లీమీటర్లే, పాదం కూడా పూర్తిగా మునగదు. "కానీ ఇది బరువు కదా మావయ్యా, దిగబడుతుంది" అన్నాడు. నిజమే. జాకు ఖాళీ బరువు 58.1 టన్నులని దాని లెక్క. అంత బరువుకి చేను ఇంకా కిందకి పోతుంది. ఇద్దరం కలిసి ఎనిమిది మిల్లీమీటర్ల దగ్గర ఒప్పుకున్నాం, అంటే మీటరు పైచిలుకు. చీలమండ దాకా.

గట్టి పాస్టెల్ ముక్కల్ని కత్తితో కాగితం మీదకి గీకి పొడి చేశాను: నలుపు, ముదురు గోధుమ, బూడిద. ఆయిల్ పాస్టెల్ ఇందుకు పనికిరాదు, జిడ్డుగా ముద్దవుతుంది. నలుపు, గోధుమ కలిపిన పొడిలో నీళ్ళు, ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి పల్చటి ముద్ద చేశాను. సబ్బు లేకపోతే నీళ్ళు ప్లాస్టిక్ మీద ముత్యాల్లా విడిపోతాయి. అరికాలి గాళ్ళలో, చీలమండ సందుల్లో ఈ ముద్దని కుంచెతో కుక్కి ఆరనిచ్చాను. ఆరాక పొడి కుంచెతో పైపైన దులిపితే ఎత్తైన చోట్ల పోయి పల్లంలో నిలిచింది. దాని పైఅంచు వెంబడి బూడిద పొడి పల్చగా వేశాను, ఎందుకంటే మన చేల నల్ల బురద అంచుల దగ్గరే ముందు ఎండి తెల్లబడుతుంది. ఇది లేకపోతే కాలికి నల్ల సాక్సు తొడిగినట్టు ఉంటుంది. చివరగా టూత్‌బ్రష్‌ని అదే ముద్దలో అద్ది, బొటనవేలితో మీటుతూ పిక్కల వెనక చుక్కలు చిమ్మించాను. ముందువైపు చిమ్మించలేదు. నడిచే కాలు బురదని వెనక్కే విసురుతుంది. తడి రోడ్డు మీద సైకిల్ తొక్కినవాళ్ళకి చొక్కా వీపు చూసుకుంటే తెలుస్తుంది.

బ్యాక్‌ప్యాక్ గొట్టాలకి టమియా కంపెనీ వెదరింగ్ మాస్టర్ బీ సెట్‌లోని మసి పొడి వాడాను. ఆడవాళ్ళ కాంపాక్ట్ డబ్బాలా ఉంటుంది, మంచు, మసి, తుప్పు మూడు గడుల్లో. కొంచెం జిడ్డుగా ఉండటం వల్ల ఉత్త పాస్టెల్ కంటే బాగా పట్టుకుంటుంది. గొట్టం లోపలినుంచి బయటికి రెండు పూతలు. తుప్పు వాడలేదు. రోజూ పనిచేసే యంత్రానికి తుప్పు పట్టే తీరిక ఉండదు.

మొత్తం నాలుగు ఆదివారాలు, సుమారు తొమ్మిది గంటల పని. జూన్ మూడో వారంలో, వానాకాలం ముసురులో తీసుకెళ్ళి ఇచ్చాను. వాడు దాన్ని అందుకోగానే బోర్లా తిప్పి ముందు అరికాళ్ళు చూశాడు.

మూడు నెలల తర్వాత, సెప్టెంబర్‌లో తిరిగి పరీక్షించాను. ప్యానెల్ లైన్లలో నడుం మీది ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. అది నేను సూదితో లోతు చేసినదే. ఇంకాస్త లోతు చేయాల్సింది. అరికాళ్ళు, చీలమండల్లో కుక్కిన బురద ముద్ద దాదాపు ఇచ్చినట్టే ఉంది. పిక్కల వెనక చుక్కల్లో మూడింట రెండొంతులు రాలిపోయాయి. తెల్ల పాస్టెల్ పరీక్షలో ఆ చోట వేలిముద్రలు లేవు, కానీ వాడు బొమ్మని పడుకోబెట్టి నిద్రపుచ్చుతాడని నేను అడగలేదు. దుప్పటి తుడిచేసింది. డాలు అంచున సీసం సగం పోయి పక్కకి పాకింది, గాట్లు మాత్రం ఉన్నాయి. మసి చెక్కుచెదరలేదు.

నేను ఊహించనిది ఛాతీ పక్కల కనిపించింది. స్పాంజితో మ్యాట్ చేసిన ప్లాస్టిక్ వాడి వేళ్ళ రాపిడికి మళ్ళీ నునుపెక్కి మెరుస్తోంది, సరిగ్గా వేళ్ళు పట్టే ఆకారంలో. ట్రాక్టర్ స్టీరింగ్ మీద చేతులు పట్టే చోట వచ్చే మెరుపు లాంటిదే. దాన్ని మళ్ళీ రుద్ది మ్యాట్ చేయొచ్చు. చేయలేదు.

ఎడమ భుజం ముల్లు ఒకటి మొన దగ్గర వంగి ఉంది. బల్ల మీంచి పడిందట. ఆ వంపు మీద పెన్సిల్ సీసం నీటుగా రుద్ది ఉంది, నేను పెట్టింది కాదు. వాడి కంపాస్ బాక్స్‌లో 4బీ పెన్సిల్ లేదని తెలిసి అడిగితే, స్కూల్లో డ్రాయింగ్ క్లాసులో చేశానన్నాడు. వేలితో తుడిచిన తీరు కూడా సరిగ్గా ఉంది. పిక్కల మీద చుక్కలు మళ్ళీ చిమ్మించడానికి పది నిమిషాలు పట్టింది. ఈసారి బ్రష్ వాడు పట్టుకున్నాడు.